మాయకీ లెక్కుండాలి: నవ్వించే ఫాంటసీ నవల రాసి, మీరే అచ్చేసుకోవడం ఎలా

మా ఇంట్లో అటక మీద ఏడు అట్టపెట్టెలున్నాయి. అన్నిట్లోనూ నా మొదటి నవలే. వెయ్యి కాపీలు వేయించాను. రెండేళ్లలో మూడొందల పైచిలుకు కదిలాయి, అందులో సగం పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ నేనే పట్టుకెళ్లి ఇచ్చినవి. మా అమ్మ ఒక పెట్టెని కిందికి దింపించి, ఆవకాయ జాడీ అందుకోవడానికి మెట్టులా వాడుతోంది. "గట్టి పుస్తకం రాశావు" అంటుంది. నాకొచ్చిన మొదటి సమీక్ష అదే.

రెండో పుస్తకం రెండొందలే వేశాను. అయిపోయాయి, మళ్లీ వేశాను. ఈ రెంటి మధ్య నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా చెబుతాను. నవ్వించే ఫాంటసీ అంటే నోటికొచ్చిన వింతలన్నీ కలిపి వండేది అనుకుని మొదలుపెడతాం. నేనూ అలాగే మొదలుపెట్టాను. నిజానికి ఇది కిరాణా కొట్టు ఖాతాలాంటి వ్యవహారం. మాయకి లెక్క తప్పితే నవ్వు రాదు, అచ్చుకి లెక్క తప్పితే అటక ఖాళీగా ఉండదు.

మొదటి పని: చిలకకి జామకాయ ఎవరు పెడుతున్నారు?

ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు, చెట్టు తొర్రలో పంజరం, పంజరంలో చిలక, చిలకలో మాంత్రికుడి ప్రాణం. ఈ సరంజామా తెలుగు పాఠకుడికి మీరు కొత్తగా పరిచయం చేయక్కర్లేదు, అమ్మమ్మ ఎప్పుడో చేసేసింది. మనకున్న పెద్ద ఆస్తి ఇదే. బ్రహ్మరాక్షసుడు, కొరివిదెయ్యం, పరకాయ ప్రవేశం, అంజనం అనగానే పాఠకుడికి సగం కథ తెలిసిపోతుంది. కాబట్టి మీ శ్రమంతా ఆ మిగతా సగం మీద పెట్టండి. తెలిసిన మాయని పట్టుకుని, ఇంట్లో ఆడవాళ్లు అడిగే ప్రశ్న అడగండి.

ఆ చిలకకి జామకాయ ఎవరు పెడుతున్నారు? పంజరం ఎవరు కడుగుతున్నారు? చిలక మహా అయితే ముప్పై నలభై ఏళ్లు బతుకుతుంది, మాంత్రికుడికేమో ఐదొందలేళ్లు. మరి ఎన్ని చిలకలు మారాయి? మారేటప్పుడు ప్రాణాన్ని పాత చిలకలోంచి కొత్త చిలకలోకి ఎవరు దింపారు?

చూశారా, మాంత్రికుణ్ణి పక్కకి తోసి ఒక పనివాడు కథలోకి వచ్చేశాడు. పంతొమ్మిదేళ్లుగా జీతం పెరగలేదు. ఏడు సముద్రాలు దాటి చెల్లెలి పెళ్లికి వెళ్లాలి, సెలవివ్వరు. లోకంలోకెల్లా బలవంతుడి ప్రాణం వాడి చేతిలో ఉంది, కానీ ఆ సంగతి వాడికి తెలియదు, చిలక అంటే వాడికి ప్రాణం. ఒక్క ప్రశ్నకి ఇంత దొరికింది. ఇలాంటి ప్రశ్నలు ఒక పది రాసుకుని, వాటిలో మిమ్మల్ని రెండు రోజులపాటు వదలని దాన్ని తీసుకోండి.

యముడు భూమ్మీదికి రావడం, చిత్రగుప్తుడి చిట్టాలో పేరు తారుమారు కావడం మాత్రం ముట్టుకోకండి. వాటిని సినిమాలు చెరుకు పిప్పి చేసి వదిలాయి. మీ దగ్గర నిజంగా కొత్త ప్రశ్న ఉంటే అది వేరే సంగతి.

ఒక్కటి గుర్తుంచుకోండి. నవ్వు పాఠకుడికి రావాలి, కథలో వాళ్లకి కాదు. ఆ పనివాడికి సెలవు చిట్టీ జీవన్మరణ సమస్య. వాడు ఎంత సీరియస్‌గా ఉంటే మనకి అంత నవ్వు. "ఫక్కున నవ్వాడు", "పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు" లాంటి మాటలు మీ రాతలో కనపడితే అక్కడ నవ్వు లేదని, మీరు అరువు తెచ్చుకుంటున్నారని అర్థం.

రెండో పని: ఖాతా పుస్తకం

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. ఎడమ పేజీలో మాయ ఏం చేయగలదో రాయండి. కుడి పేజీలో దానికి ఖరీదేమిటో రాయండి. కుడి పేజీ ఖాళీగా ఉన్న మాయని కథలోకి రానివ్వకండి.

ఉదాహరణకి, అంజనం పూసుకుంటే మనిషి మాయమవుతాడు. బాగుంది, కానీ అందరూ రాసేదే. కుడి పేజీలో ఇలా రాయండి: మనిషి మాయమవుతాడు, చెప్పులు కావు. ఇప్పుడు మీ హీరో మే నెలలో, రెంటచింతలలో, మిట్టమధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద చెప్పుల్లేకుండా దొంగని వెంబడించాలి. ఆ ఊరి ఎండ సంగతి వార్తల్లో చూడని తెలుగువాడు ఉండడు. మీరు ఇంకేం చెప్పక్కర్లేదు, పాఠకుడి కాళ్లు కాలతాయి.

ఇలాంటి నియమాలు మూడు చాలు. ఐదు దాటితే మీకే గుర్తుండవు. పెట్టిన నియమాన్ని చివర్లో మీ అవసరం కోసం తీసేయకండి. హీరో చిక్కుల్లో పడ్డాడని హఠాత్తుగా చెప్పులు కూడా మాయమైతే, పాఠకుడు పుస్తకం మూసేసి ఫోను తీస్తాడు. ఆ చెప్పులే వాణ్ణి కాపాడేలా చూడండి. ఖాళీ చెప్పుల జత నడిచొస్తుంటే దొంగ ఏమనుకుంటాడో ఆలోచించండి.

వయసులు, వరసలు, తిథులు కూడా అదే పుస్తకంలో రాయండి. అమావాస్యకీ అమావాస్యకీ మధ్య సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. మంత్రగాడి పూజ కోసం పది రోజుల్లో రెండు అమావాస్యలు రప్పిస్తే, పంచాంగం చూసే రిటైర్డు మాస్టారు ఎవరో ఒకరు తప్పకుండా ఫోన్ చేస్తారు. నాకు చేశారు. అరగంట మాట్లాడారు.

మూడో పని: రాసి పడేయడం

దీని గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. రోజుకి ఐదొందల మాటలు, ఎనభై రోజులు, నలభై వేల మాటలు. మొదటినుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయండి, ఫోన్లో అయినా సరే. ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా ఒకేలా కనపడే తెలుగు అదే. ఫోన్‌కి చెప్పి టైపు చేయించుకునే పద్ధతి సంభాషణలకి బాగా పనికొస్తుంది, ఎందుకంటే నోటితో చెప్పిన మాట మాటలాగే ఉంటుంది. కాకపోతే అది "శాపం" అంటే "షాపు" అని రాస్తుంది. ఒకసారి నా ముని ఒకడు కోపం వచ్చి "నీకు షాపు ఇస్తున్నాను" అన్నాడు. దాన్ని మార్చకుండా ఉంచేశాను.

నాలుగో పని: దిద్దడం

అసలు పని ఇక్కడుంది. మొదటి ప్రతిలో నేను ఇలా రాశాను:

"మీసేవ కేంద్రంలోకి వికృతాకారంతో, భయంకరమైన కోరలతో ఒక బ్రహ్మరాక్షసుడు వచ్చాడు. అతన్ని చూసి అక్కడున్న అమ్మాయి ఆశ్చర్యపోయింది. తనుంటున్న రావిచెట్టుని రోడ్డు వెడల్పు కోసం కొట్టేస్తున్నారు కాబట్టి తనకి నివాస ధ్రువీకరణ పత్రం కావాలని అతను చాలా అమాయకంగా అడిగాడు."

ఐడియా పర్వాలేదు. కానీ చదివితే ఎవరో జోకుని పక్కింటావిడకి వివరించినట్టుంది. "వికృతాకారం", "భయంకరమైన", "అమాయకంగా" అన్నీ పాఠకుడు అనుకోవాల్సిన మాటలు, నేనే అనేశాను. నాలుగోసారి దిద్దాక ఇలా వచ్చింది:

"పేరు?" అంది కౌంటర్లో అమ్మాయి, తలెత్తకుండా.

"బ్రహ్మరాక్షసుడు."

"ఇంటిపేరు ముందు చెప్పండి."

ఆయన ఆలోచించాడు. ఇంటిపేరు అడిగి మూడు తరాలైంది. "రావిచెట్టు."

"వయసు?"

"మూడువందల నలభై రెండు."

"సిస్టం రెండంకెలే తీసుకుంటుంది. తొంభై తొమ్మిది వేస్తున్నా."

"తల్లీ, అబద్ధం ఆడితేనే నాకీ జన్మ వచ్చింది."

"అయితే తొంభై ఎనిమిది వేయనా? అడ్రస్ ప్రూఫ్?"

"పడమటి కొమ్మ. అక్కడ నన్ను చూసి చచ్చినవాళ్లు చెబుతారు."

"అలా కుదరదండీ. కరెంటు బిల్లుండాలి."

ఏం మారిందో చూడండి. రాక్షసుడు ఎలా ఉంటాడో ఒక్క ముక్క చెప్పలేదు. అమ్మాయి ఆశ్చర్యపోలేదు, రోజుకి రెండొందలమందిని చూసే మనిషి ఎందుకు ఆశ్చర్యపోతుంది? ఇద్దరూ తమ తమ నియమాలకి కట్టుబడే మాట్లాడుతున్నారు. ఆయనకి శాపం నియమం, ఆమెకి సిస్టం నియమం. రెండు లెక్కల పుస్తకాలు ఢీకొన్న చోట నవ్వు వచ్చింది. వయసు "చాలా వందల ఏళ్లు" అని కాకుండా 342 అని ఉండటం కూడా ముఖ్యం. గుండు సున్నాలతో ముగిసే అంకెలు నవ్వించవు.

ఇక తెలుగు మనకి ఉచితంగా ఇచ్చిన పరికరాలు కొన్నున్నాయి. వాటిని వాడుకోనివాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

ఒకటి, వాక్యం చివర. ఈ మూడూ చదవండి: "డాక్టరు షుగరుందని చెప్పడంతో ఆ రాక్షసుడు నరమాంసం తినడం మానేశాడు." "ఆ రాక్షసుడు నరమాంసం మానేశాడు, ఎందుకంటే అతనికి షుగరు వచ్చింది." "నరమాంసం మానేశాడు. షుగరట." మూడోదానిలో పని చేసింది ఆ చివరి "ట". ఎవరో చెప్పగా విన్న సంగతిని ఒక్క అక్షరంలో చెప్పే భాష మనది. ఊరంతా రాక్షసుడి ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటోందని ఆ ఒక్క అక్షరమే చెప్పేస్తుంది.

రెండు, గి-కారం. "నాకు శాపాలూ గీపాలూ తెలియవు, రేషన్ కార్డు జిరాక్స్ తెచ్చావా?" శాపం పక్కన గీపం చేరగానే దాని కోరలు ఊడిపోతాయి. అధ్యాయానికి ఒకసారి చాలు, ఎక్కువైతే చిరాకు.

మూడు, పిలుపులు. నువ్వు, మీరు, తమరు, ఏవండీ, ఒరేయ్. మూడొందలేళ్ల రాక్షసుడు ఇరవై రెండేళ్ల అమ్మాయిని "తల్లీ" అంటున్నాడు. ఆమె ఆయన్ని మొదట "అండీ" అని, పదో పేజీకి "బాబాయ్‌గారూ" అని పిలిచిందంటే వాళ్ల మధ్య ఏం జరిగిందో మీరు వేరే రాయక్కర్లేదు. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో ఖాతా పుస్తకంలో రాసుకోండి. ఆ పిలుపు మారిన పేజీ నంబరు కూడా.

గ్రాంథికానికీ వాడుకకీ మధ్య ఉన్న దూరం కూడా నవ్విస్తుంది, కానీ అది తేలిగ్గా దొరికే నవ్వు, త్వరగా పాతబడుతుంది. ఇక యాసని మాత్రం జోకుగా వాడకండి. తెలంగాణ మాటో శ్రీకాకుళం మాటో మాట్లాడగానే మనిషి నవ్వులాటకి పనికొస్తాడనే అలవాటు సినిమాలు మనకి అంటించాయి. మీ హీరోయిన్ కరీంనగర్ మనిషైతే ఆమె మాట అలాగే రాయండి, నవ్వు ఆమె తెలివిలోంచి రానివ్వండి.

ఐదో పని: ఇంకొకరి చెవిన వేయడం

చదివి వినిపించండి. చదవమని ఫైలు పంపితే "సూపర్" అని మెసేజ్ వస్తుంది, అంతకుమించి ఏమీ రాదు. ఎదురుగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మీరే పైకి చదవండి. చేతిలో పెన్సిలు ఉంచుకోండి. నవ్విన చోట టిక్కు పెట్టండి. నవ్వాల్సిన చోట కాఫీ గ్లాసు వైపు చూస్తే సున్నా చుట్టండి. ముగ్గురి దగ్గర సున్నా పడ్డ జోకుని తీసేయండి, అది మీకెంత ఇష్టమైనా సరే. మా పిన్ని దగ్గర పన్నెండు సున్నాలు పడ్డాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు గానీ, పన్నెండూ తీసేశాను.

తెలియనివాళ్ల స్పందన కావాలంటే ప్రతిలిపిలాంటి కథల సైటులో మొదటి ఐదారు భాగాలు సీరియల్‌గా పెట్టి చూడండి. ఏ భాగం దగ్గర పాఠకులు తగ్గిపోతున్నారో కనపడుతుంది. ఎక్కడ పెట్టినా హక్కుల షరతులు పూర్తిగా చదివాకే ఒప్పుకోండి.

ఆరో పని: డీటీపీ, ప్రూఫులు

డీటీపీ అంటే కంప్యూటర్లో పేజీలు కట్టడం, ప్రూఫు అంటే అచ్చుకి ముందు తప్పులు దిద్దుకునే ప్రతి. తెలుగు పుస్తకాలు పాడయ్యేది ఇక్కడే. మనవాళ్లు చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్లో, "అను" అనే ఫాంట్లతో పని చేస్తారు. అది యూనికోడ్ కాదు. మీరు ఇచ్చిన యూనికోడ్ ఫైలుని వాళ్లు కన్వర్టర్లో వేస్తారు, అప్పుడు కొన్ని వత్తులు చెదిరిపోతాయి, "ఫేస్‌బుక్" కాస్తా "ఫేస్బుక్" అవుతుంది. "కన్వర్ట్ చేశాం కదా, ప్రూఫు అక్కర్లేదు" అన్న మాట నమ్మి నేను మొదటి పుస్తకం అచ్చుకి పంపాను. పద్నాలుగో పేజీలో భూతం "భూ తం" అయింది. ఒక పాఠకుడు అది రెండు పాత్రలనుకున్నాడు.

కాబట్టి ముందే అడగండి: యూనికోడ్‌లో, ఇన్‌డిజైన్‌లో పేజీలు కడతారా అని. కడతారంటే మీ అదృష్టం. అదే ఫైలు ఈబుక్కుకీ పనికొస్తుంది. ఫాంట్ల కోసం డబ్బు పెట్టక్కర్లేదు. మండలి, సురన్న, రామరాజా, ఎన్టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, పుస్తకాల్లో వాడుకోవచ్చు. పుస్తకం లోపలికి సన్నగా, స్పష్టంగా ఉండేది తీసుకోండి, వంకర్లు తిరిగినవి అట్టకి ఉంచండి. ఫాంటు ఏదైనా, వత్తు కింద వత్తు వచ్చే మాటలు ఒక పేజీ నిండా అచ్చేసి చూడండి. "స్త్రీ", "రాష్ట్రం", "వస్త్రం" వచ్చే లైను పైలైనుకీ కిందిలైనుకీ తగులుతుంటే లైన్ల మధ్య ఖాళీ పెంచమనండి.

డెమ్మీ సైజు (మామూలు నవలల సైజు) పేజీకి నా పుస్తకాల్లో సుమారు 220 మాటలు పడతాయి. నలభై వేల మాటలంటే 182 పేజీలు. లోపలి టైటిలు, హక్కుల పేజీ, ముందుమాట అవీ ఇవీ కలిపి 192. ఇది కావాలని తెప్పించిన అంకె. ప్రెస్సులో పేజీలు ఫారాల లెక్కన వెళతాయి, ఫారానికి 16, కాబట్టి 192 అంటే సరిగ్గా పన్నెండు ఫారాలు. 195 పేజీలైతే పదమూడో ఫారంలో పదమూడు తెల్ల పేజీలకి కూడా మీరే డబ్బు కడతారు. మూడు పేజీలు కత్తిరించండి. కత్తిరించదగిన మూడు పేజీలు ఏ నవల్లోనైనా ఉంటాయి.

ప్రూఫులు మూడుసార్లు చూడాలి, అదీ కాగితం మీద. మూడోసారి చివరి పేజీనుంచి వెనక్కి చదవండి, కథలో పడిపోకుండా ఉంటారు.

ఏడో పని: అట్ట

అట్ట మీద రెండు పనులు జరగాలి: ఇది మాయ కథ అని తెలియాలి, నవ్వు కథ అని తెలియాలి. రాక్షసుడి బొమ్మ ఒక్కటే వేస్తే హారర్ అనుకుంటారు. రాక్షసుడు చేతిలో టోకెన్ పట్టుకుని క్యూలో నిలబడితే చాలు. బొమ్మ వేసే ఆర్టిస్టుకి డబ్బిచ్చి, ఏయే వాడకాలకి ఇచ్చారో ఒక ఉత్తరంలో రాయించుకోండి. వెనకట్ట మీద మీ జీవిత చరిత్ర వద్దు. ఆ మీసేవ సంభాషణలో ఐదు లైన్లు వేయండి. ముందుమాటలు కూడా నాలుగు పెట్టకండి. నవ్వించే పుస్తకానికి ముందు ఇరవై పేజీల ఆశీర్వచనం ఎవరు చదువుతారు?

ఎనిమిదో పని: కాగితాలు

ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు. మన దేశంలో అది ఉచితం. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, దాని పోర్టల్లో రచయిత తన పేరు మీదే దరఖాస్తు చేసుకోవచ్చు. పదమూడు అంకెల నంబరు వస్తుంది. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈబుక్కుకి వేరొకటి కావాలి. నంబరు చేతికి రావడానికి టైం పడుతుంది కాబట్టి ప్రూఫుల దశలోనే దరఖాస్తు పెట్టండి. ఉచితంగా వచ్చేదానికి ఎవరైనా డబ్బు అడిగితే అది వాళ్ల సర్వీసు చార్జీ మాత్రమే, నంబరు ఖరీదు కాదు.

కాపీరైటు మీరు రాసిన క్షణమే మీదవుతుంది. 1957 నాటి చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇంకొక చిన్న సంగతి చాలామంది మర్చిపోతారు: 1954 చట్టం ప్రకారం పుస్తకం వెలువడ్డ ముప్పై రోజుల్లో ప్రచురణకర్త తన ఖర్చుతో ఒక కాపీని కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, ఒక్కోటి చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకీ పంపాలి. ప్రచురణకర్త అంటే ఇప్పుడు మీరే. నాలుగు కాపీలు ముందే పక్కన పెట్టండి.

తొమ్మిదో పని: ఎన్ని వేయాలి?

ప్రెస్సువాళ్లు ఒక మాట అంటారు: "ఐదొందలకీ వెయ్యికీ పెద్ద తేడా ఉండదండీ." నిజమే, వెయ్యి వేస్తే ఒక్కో కాపీ ఖర్చు తగ్గుతుంది. కానీ మొత్తం డబ్బు చూస్తే తేడా ఉంటుంది, అటక చూస్తే ఇంకా ఉంటుంది. నేను ఆ మాటకే పడిపోయాను.

లెక్క ఇలా వేయండి. పుస్తకం వెల 200 అనుకుందాం. షాపుకి 40 శాతం ఇస్తే మీకు 120 మిగులుతుంది. అదీ అమ్ముడయ్యాక, వాళ్లు లెక్క చూశాక. కాపీకి అచ్చు ఖర్చు 90 అయితే మిగిలింది 30. అందులో డీటీపీ, అట్ట బొమ్మ, రవాణా రావాలి. ఆ మూడూ కలిపి 15,000 అయ్యాయనుకోండి, షాపుల ద్వారానే అమ్మితే ఐదొందల కాపీలు పోయాక మీరు సున్నా దగ్గర నిలబడతారు. నేరుగా అమ్మితే కాపీకి 110, సుమారు 137 కాపీలకే గట్టెక్కుతారు. అందుకే మొదటి రెండొందలూ నేరుగా అమ్మగలిగేలా చూసుకోండి. ఈ అంకెలు లెక్క చూపించడానికి వేసినవి, మీ ప్రెస్సు కొటేషన్ తెచ్చుకుని మీ అంకెలతో వేయండి.

కొటేషన్ అడిగేటప్పుడు వివరంగా అడగండి: డెమ్మీ, 192 పేజీలు, లోపల 70 జీఎస్‌ఎం నేచురల్ షేడ్, అట్ట 300 జీఎస్‌ఎం, మ్యాట్ లామినేషన్, పర్ఫెక్ట్ బైండింగ్. (జీఎస్‌ఎం అంటే కాగితం బరువు లెక్క, పర్ఫెక్ట్ బైండింగ్ అంటే జిగురుతో అంటించేది.) ఇలా అడిగితే మీకు పని తెలుసనుకుంటారు. ఒక్క నమూనా కాపీ చేసి చూపించాకే మిగతావి కొట్టమనండి. ఆ కాపీని పూర్తిగా విప్పి, మధ్యలో వెనక్కి వంచి చూడండి. పేజీలు ఊడితే ఇప్పుడే ఊడాలి.

స్టాకు గొడవే వద్దనుకుంటే ఆర్డరు వచ్చినప్పుడు అచ్చేసే పద్ధతి ఉంది. బెంగళూరు పోతి డాట్ కామ్, చెన్నై నోషన్ ప్రెస్ లాంటివి చేస్తాయి. కాపీ ఖర్చు ఎక్కువ, కానీ అటక ఖాళీ. ఈబుక్కు విషయానికొస్తే, 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. కాబట్టి కష్టపడి ఫైలు తయారుచేశాక ఉసూరుమనకుండా, కేడీపీలో (కిండిల్‌కి పుస్తకాలు ఎక్కించే సైటు) భాషల జాబితా ముందే చూసుకోండి. తెలుగువాళ్లకి గూగుల్ ప్లే బుక్స్ ఉంది.

పదో పని: అమ్మడం

తెలుగులో స్వీయ ప్రచురణ కొత్తేం కాదు. పాత కవితా సంపుటాలు తిరగేయండి. "ప్రతులకు" అని రచయిత ఇంటి నంబరు, కింద "మరియు అన్ని ప్రముఖ పుస్తక కేంద్రాలు" అని ఉంటుంది. ఆ ప్రముఖ కేంద్రాలు ఎక్కడున్నాయో రచయితకి కూడా తెలియదు. మీరు మాత్రం "ప్రతులకు" కింద ఫోన్ నంబరు, స్కాన్ చేసి డబ్బు కట్టే కోడ్ వేయండి. పుస్తకాల కోసం ఒక నంబరు వేరుగా పెట్టుకోండి, లేకపోతే రాత్రి పదకొండుకి పంచాంగం మాస్టారు ఫోన్ చేస్తారు.

విడుదలని జనవరి విజయవాడ పుస్తక మహోత్సవానికో, హైదరాబాదు బుక్ ఫెయిర్‌కో అందేలా చూసుకోండి. సొంత స్టాలు ఖర్చు ఎక్కువ, తెలిసిన ప్రచురణకర్త స్టాల్లో ఒక మూల అడగండి. అక్కడ నిలబడి "నా పుస్తకం కొనండి" అనొద్దు. "మీ ఇంటి దగ్గర రావిచెట్టుందా?" అని అడగండి. ఉందంటారు. ఆ తర్వాత మీసేవ పేజీ తెరిచి చేతిలో పెట్టండి. నిలబడే చదివి నవ్వినవాళ్లలో ఎక్కువమంది కొన్నారు, నవ్వనివాళ్లు ఒక్కరూ కొనలేదు.

పోస్టులో పంపేటప్పుడు 2025 మే 1న మొదలైన జ్ఞాన్ పోస్ట్ గురించి కౌంటర్లో అడగండి. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకి 100, పన్ను అదనం. విద్యా, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన పుస్తకాలకని పెట్టారు, పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. రాక్షసుడి నవల సాంస్కృతికమా కాదా అన్నది కౌంటర్లో తేలుతుంది. కాదంటే మామూలు పార్సిలే.

పదకొండో పని: "ఎలా రాశారు?"

పుస్తకం బయటికొచ్చాక పుస్తకం గురించి అడిగేవాళ్లకంటే "మీరెలా రాశారు, నేనూ రాద్దామనుకుంటున్నా" అనేవాళ్లు ఎక్కువ. రచన గురించి గైడ్ రాయాలని అక్కడే పురుగు తొలుస్తుంది. రాయండి, తప్పులేదు. కానీ కనీసం రెండు పుస్తకాలు అచ్చేసి, ఒకదానిలో డబ్బు పోగొట్టుకున్నాక రాయండి. గెలిచిన సంగతులే ఉన్న గైడ్ ఎవరికీ పనికిరాదు.

దానికి సరుకు ఇప్పటినుంచే దాచండి. నవల దిద్దేటప్పుడు పాత ప్రతిని చెరిపేయకుండా తేదీ వేసి వేరే ఫైల్లో ఉంచండి. పైన నేను చూపించిన రెండు మీసేవ ముక్కలూ అలా మిగిలినవే. ఇతరుల రచనలోంచి పేజీలకి పేజీలు ఎత్తి రాస్తే అనుమతి గొడవలొస్తాయి. మీ చెత్త వాక్యం పక్కన మీ మంచి వాక్యం పెడితే ఎవరి అనుమతీ అక్కర్లేదు, పాఠకుడికి ధైర్యం కూడా వస్తుంది. నా గైడ్ నవలకంటే ఎక్కువ అమ్ముడవుతోంది. రాక్షసుడికి ఈ సంగతి చెప్పలేదు.

ఆఖరిది: ఒక కాపీ మీకోసం ఉంచుకోండి

అచ్చయిన రోజే ఒక కాపీ తీసి, అట్ట మీద "దిద్దుబాట్లు" అని రాసి, బల్ల మీద పెట్టండి. ఎవరు ఏ తప్పు చెప్పినా వాదించకుండా ఆ పేజీలో ఎర్ర పెన్నుతో రాసుకోండి. రెండో ముద్రణకి అదే ప్రూఫు.

మొన్న ఆ మాస్టారే మళ్లీ ఫోన్ చేశారు. నలభై ఏడో పేజీలో రాక్షసుడి వయసు 342, నూట పన్నెండో పేజీలో 345, మధ్యలో కథ జరిగింది పదకొండు రోజులే కదా అన్నారు. ఖాతా పుస్తకం తీసి చూశాను. అందులో 342 అనే ఉంది. నూట పన్నెండో పేజీలో రాసుకున్నాను.